వైద్యవిద్య సన్నాహం: పూండి, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతం

తమిళనాడు ఉత్తరపు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న పూండి, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతపు విద్యార్థులు ఎం.బి.బి.ఎస్. సీటు కోసం చదివే చదువు, రాసే పరీక్ష, ఎంచుకునే బడి, కూడబెట్టుకునే ధ్రువపత్రాలు ఈ వ్యాసానికి విషయం. భారతదేశంలో వైద్యం డిగ్రీ స్థాయి చదువు. ప్లస్ టూ లేదా ఇంటర్మీడియట్ ముగియగానే అందులో చేరవచ్చు. అందువల్ల సన్నాహమంటే పదహారు, పదిహేడేళ్ల వయసులో రెండేళ్ల పాటు సాగే కఠోర చదువేనని సాధారణంగా అనుకుంటారు. సరిహద్దు ప్రాంతంలో అది ఇంకా ముందే మొదలవుతుంది. ఆరో తరగతిలో ఏ బడిలో చేరారు, ఏ భాషలో చదివారు, తొమ్మిదో తరగతి నుంచి ఏ రాష్ట్రంలో ఉన్నారు అన్న మూడు విషయాలు, వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో వచ్చిన మార్కులతో సమానంగా సీటును నిర్ణయిస్తాయి.

ప్రాంతం

పూండి తిరువళ్లూరుకు వాయవ్యంగా కొసస్తలై నది ఒడ్డున ఉన్న ఊరు. 1944లో పూర్తయిన ఇక్కడి జలాశయానికి మద్రాసు మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టారు. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు చెన్నైకి వెళ్లే దారిలో ఇక్కడే చేరుతుంది. ఉత్తరాన ఊత్తుకోట దాటితే నాగలాపురం, సత్యవేడు; పశ్చిమాన తిరుత్తణి, పళ్లిపట్టు దాటితే నగరి, పుత్తూరు. జిల్లాలో తమిళం తరువాత ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలున్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఈ సరిహద్దు గీత పాతది కాదు. మద్రాసు రాష్ట్రం నుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగంగా ఆంధ్రకు వెళ్లింది. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మీద చేసిన చట్టంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అదే సర్దుబాటులో సత్యవేడు పరిసర గ్రామాలు చెంగల్పట్టు జిల్లా నుంచి చిత్తూరు జిల్లాకు మారాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైంది కూడా 1960లోనే. దగ్గర పట్టణంలో వైద్య కళాశాల వచ్చిన ఏడాదే తిరుత్తణి వాసులు ఆ రాష్ట్రానికి పరాయివారయ్యారు. 1997లో చెంగల్పట్టు–ఎం.జి.ఆర్. జిల్లాను విభజించి తిరువళ్లూరు జిల్లాను ఏర్పాటు చేశారు.

కళాశాలలు

చాలాకాలం ఈ ప్రాంతంవారికి వైద్యవిద్య అంటే మద్రాసే. మద్రాసు వైద్య కళాశాల 1835లో మెడికల్ స్కూలుగా మొదలైంది. స్టాన్లీ 1938లో, కీల్పాక్ 1960లో, చెంగల్పట్టు 1965లో వచ్చాయి. వేలూరులో ఐడా స్కడర్ 1918లో స్త్రీల కోసం ప్రారంభించిన వైద్య పాఠశాల 1942లో ఎం.బి.బి.ఎస్. స్థాయికి ఎదిగింది, 1947 నుంచి పురుషులనూ చేర్చుకుంటోంది. తిరువళ్లూరు జిల్లాకు సొంత ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరి 12న వచ్చింది. ఆ రోజు తమిళనాడులో ఒకేసారి ప్రారంభమైన 11 ప్రభుత్వ కళాశాలల్లో ఇది ఒకటి. పదకొండింటిలో కలిపి 1,450 సీట్లు. తిరువళ్లూరు వాటా 100. కళాశాల సొంత జిల్లాలో ఉన్నా జిల్లా విద్యార్థులకు ప్రత్యేక కోటా ఏమీ లేదు. ప్రవేశం మొత్తం రాష్ట్రస్థాయి ర్యాంకుల మీదే.

ప్రవేశ పద్ధతుల చరిత్ర

స్వాతంత్ర్యానికి ముందు ఇంటర్మీడియట్ పూర్తి చేసి వైద్య కళాశాలలో చేరేవారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. ఖద్దరు కట్టినందుకు శస్త్రవైద్య ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. పుదుక్కోట నుంచి వచ్చిన ముత్తులక్ష్మీ రెడ్డి 1907లో అదే కళాశాలలో చేరి 1912లో పట్టా పొందారు.

సీట్ల పంపకం చట్టపరమైన వివాదంగా మారింది 1950లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నాలుగు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండేవి: మద్రాసు, స్టాన్లీ, విశాఖపట్నం, గుంటూరు. అన్నింటిలో కలిపి 330 సీట్లు. కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1 కేటాయించేవారు. వైద్య కళాశాలలో చేరదలచిన చంపకం దొరైరాజన్ దీన్ని సవాలు చేశారు. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లదన్నది. మూడు నెలలు తిరగకముందే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. నేటి రిజర్వేషన్లకు పునాది అక్కడ పడింది.

తరువాతి దశలో మద్రాసు ప్రభుత్వం మొదటి సంవత్సరపు వైద్య సీట్లను జనాభా నిష్పత్తిలో జిల్లాలకు పంచింది. పి. రాజేంద్రన్ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టివేసింది. ఒక జిల్లాలో తక్కువ మార్కులవారికి సీటు రావడం, మరో జిల్లాలో ఎక్కువ మార్కులవారికి రాకపోవడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు సారాంశం. తరువాత ప్రభుత్వం కళాశాలలను యూనిట్లుగా విడదీసి, ఒక్కో యూనిట్‌కు వేరుగా ఎంపిక జరిపింది. ఇంటర్వ్యూకు 75 మార్కులు పెట్టింది. పెరియకరుప్పన్ కేసులో 1970లో యూనిట్ల పద్ధతీ పోయింది. ఇంటర్వ్యూ మార్కుల తీరునూ కోర్టు తప్పుపట్టింది. వెనుకబడిన జిల్లాలకు వైద్య సీట్లలో వాటా ఎలా ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం తీరలేదు. అర్ధశతాబ్దం తరువాత అది ప్రభుత్వ పాఠశాలల కోటా రూపంలో మళ్లీ ముందుకొచ్చింది.

1978లో తమిళనాడు ప్లస్ టూ విధానంలోకి మారింది. 1984లో వృత్తివిద్యా కోర్సులకు రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలైంది. ప్లస్ టూ మార్కులకు 200, ప్రవేశ పరీక్షకు 100 చొప్పున మొత్తం 300కు ర్యాంకు కట్టేవారు. నగరాల కోచింగ్ సెంటర్లకే ఆ పరీక్ష మేలు చేస్తోందన్న విమర్శతో 2006లో చట్టం చేసి, 2007–08 ప్రవేశాల నుంచి దాన్ని తీసేశారు. ఆ తరువాత దాదాపు పదేళ్లు ప్లస్ టూ మార్కులే ఆధారం: జీవశాస్త్రానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు కలిపి 100. కటాఫ్‌లో దశాంశాల తేడా ర్యాంకును తారుమారు చేసేది. రెసిడెన్షియల్ బళ్లు కొన్ని ప్లస్ వన్ పాఠాలను పక్కనపెట్టి, ప్లస్ టూ పుస్తకాన్నే రెండేళ్లు వల్లె వేయించేవి.

సరిహద్దుకు అవతల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దారి వేరు. అక్కడ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ ర్యాంకే ప్రధానం. తిరుపతి, నెల్లూరు, విజయవాడలలో ఇంటర్ చదువునూ కోచింగ్‌నూ కలిపి అందించే కార్పొరేట్ కళాశాలలు ఈ పరీక్ష చుట్టూనే పెరిగాయి. ఒకవైపు పుస్తకాన్ని కంఠస్థం చేసే శిక్షణ, మరోవైపు నాలుగు జవాబుల్లో సరైనదాన్ని నిమిషంలోపు పట్టుకునే శిక్షణ. 2017లో దేశమంతటికీ ఒకే పరీక్ష వచ్చినప్పుడు రెండో తరహా సాధన ముందే ఉన్న ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులకు మార్పు అంత కష్టం కాలేదు. తమిళనాడు విద్యార్థులకు అది పెద్ద కుదుపు.

నీట్

నీట్ మొదటిసారి 2013 మే 5న జరిగింది. ఆ జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది; 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది. 2016లో రాష్ట్రాల సీట్లకు ఆర్డినెన్సుతో ఒక ఏడాది మినహాయింపు దొరికింది. 2017 ఆగస్టు 22న నీట్ ర్యాంకుల ప్రకారమే ప్రవేశాలు జరపాలని సుప్రీంకోర్టు తమిళనాడును ఆదేశించింది. అదే ఏడాది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల తన సొంత ఎంపిక పద్ధతిని కాపాడుకునే వ్యాజ్యం తేలేదాకా ప్రవేశాలను దాదాపుగా నిలిపివేసింది. మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని 2020 ఏప్రిల్‌లో కోర్టు తేల్చింది.

2025 నాటి పద్ధతిలో ప్రశ్నపత్రంలో 180 ప్రశ్నలు, 720 మార్కులు, సమయం 180 నిమిషాలు. భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. సరైన జవాబుకు 4 మార్కులు. తప్పుకు 1 మార్కు కోత. సగం బరువు జీవశాస్త్రానిదే. మార్కులు సమానమైతే మొదట చూసేదీ దాన్నే. అయినా గ్రామీణ విద్యార్థులను ఎక్కువగా వెనక్కి లాగేది భౌతికశాస్త్రం. జీవశాస్త్రంలో పాఠ్యపుస్తకాన్ని వాక్యం వదలకుండా చదివినవారు గట్టెక్కగలరు. భౌతికశాస్త్రంలో సూత్రం గుర్తుంటే చాలదు, లెక్క చేసే వేగం కావాలి.

విద్యార్థికి ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయోపరిమితి 2022లో తొలగిపోయింది. ఎన్నిసార్లు రాయవచ్చన్న పరిమితి లేదు. ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి సాధారణ వర్గంవారికి 50 శాతం, రిజర్వుడు వర్గాలవారికి 40 శాతం మార్కులు ఉండాలి. తమిళనాడు ప్లస్ వన్‌లో బయాలజీ, మ్యాథ్స్ కలిసిన గ్రూపునో, వృక్ష, జంతు శాస్త్రాలు విడిగా ఉన్న ప్యూర్ సైన్స్ గ్రూపునో తీసుకోవాలి. ఆంధ్రలో దానికి సమానమైనది బైపీసీ. ప్రశ్నల్లో పెద్ద భాగం పదకొండో తరగతి పాఠాల నుంచి వస్తుంది. ప్లస్ వన్‌ను దాటవేసే పాత అలవాటుకు ఇది గొడ్డలిపెట్టు అయింది. తమిళనాడు 2017–18లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టడానికీ, 2018 నుంచి కొత్త పాఠ్యపుస్తకాలు తేవడానికీ ఇదొక కారణం.

2025లో నీట్‌కు నమోదైనవారు 22 లక్షలకు పైనే. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. వాటిలో ప్రభుత్వ సీట్లు సగానికి కొంచెం అటూ ఇటూ. అర్హత మార్కులు రావడానికీ ప్రభుత్వ కళాశాలలో సీటు రావడానికీ నడుమ ఉన్న అగాధం ఇదే.

ప్రభుత్వ పాఠశాలల కోటా

నీట్ వచ్చిన తొలి ఏళ్లలో ప్రభుత్వ బడి నుంచి వైద్య కళాశాలకు వెళ్లే పిల్లల సంఖ్య వేళ్ల మీద లెక్కించే స్థాయికి పడిపోయింది. జస్టిస్ కలైయరసన్ సంఘం నివేదిక తరువాత, 2020లో తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు రాష్ట్ర కోటాలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించింది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ బళ్లలో చదివినవారు దీనికి అర్హులు. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి వరకు ప్రైవేటు బడిలో చదివి, ఆపై ప్రభుత్వ బడిలో చేరినవారికీ వర్తిస్తుంది. ఎయిడెడ్ బళ్లు ఇందులోకి రావు. ఈ కోటాలో చేరినవారి ఫీజులు ప్రభుత్వమే భరిస్తుంది. 2022 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది.

తిరువళ్లూరు ప్రభుత్వ కళాశాలనే లెక్కకు తీసుకుంటే, 100 సీట్లలో 15 అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన 85లో 7.5 శాతమంటే సుమారు ఆరు సీట్లు. సంఖ్య చిన్నదే. కానీ ఆ జాబితాలో పోటీ ప్రభుత్వ బడి పిల్లల మధ్యే కాబట్టి, సాధారణ జాబితాలో సీటు దక్కని మార్కులకు ఇక్కడ దక్కుతుంది. పూండి చుట్టుపక్కల కుటుంబాలకు దీనివల్ల ఒక కొత్త లెక్క ఎదురైంది. ఎనిమిదో తరగతి దాటాక మంచి కోచింగ్ ఉందని పిల్లను ప్రైవేటు బడికో, తిరుపతిలోని ఇంటర్ కళాశాలకో మారిస్తే ఈ అర్హత శాశ్వతంగా పోతుంది. ప్రభుత్వ బడిలోనే ఉంచితే అర్హత నిలుస్తుంది, శిక్షణ మాత్రం వెతుక్కోవాలి. 2017 చివరి నుంచి రాష్ట్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత నీట్ శిక్షణ ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినదే.

ఏ రాష్ట్రపు విద్యార్థి

ప్రభుత్వ కళాశాలల్లో 85 శాతం సీట్లు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. వాటికి ఎవరు స్థానికులన్నది రెండు రాష్ట్రాల్లో రెండు రకాలు. తమిళనాడులో ఆరు నుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివితే స్థానికత రుజువైనట్టే. మధ్యలో బయట చదివినవారు నేటివిటీ ధ్రువపత్రం తేవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 371–డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రాతిపదిక. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఒకే స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. చిత్తూరు, నెల్లూరు వైపు ఆ ప్రాంతం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి.

తిరుత్తణి నుంచి పదో తరగతి తరువాత తిరుపతి వెళ్లి రెండేళ్లు ఇంటర్ చదివినవారు ఆంధ్రలో స్థానికులు కారు. ఇటు తమిళనాడులో నేటివిటీ పత్రంతో సాధారణ కోటాలో నిలబడగలరు కానీ 7.5 శాతం కోటాకు దూరమవుతారు. రెండు రాష్ట్రాల్లోనూ స్థానికత చెప్పుకోవడం నిబంధనలకు విరుద్ధం. బయటపడితే సీటు రద్దవుతుంది.

కుల ధ్రువపత్రమూ రాష్ట్రాన్ని బట్టే చెల్లుతుంది. ఈ విషయంలో దేశానికంతటికీ దారి చూపిన తీర్పు ఒక తెలుగు విద్యార్థిదే. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కులానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి, అక్కడి వైద్య కళాశాలలో ఆ కోటా సీటు కోరాడు. ఒక రాష్ట్రపు గుర్తింపు వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి నగరి నుంచి తిరుత్తణికి వచ్చి స్థిరపడిన కుటుంబం పాత పత్రంతో తమిళనాడులో రిజర్వేషను పొందలేదు.

తమిళనాడులో రిజర్వేషన్లు మొత్తం 69 శాతం: వెనుకబడిన వర్గాలకు 30, అతి వెనుకబడిన వర్గాలకు 20, షెడ్యూల్డు కులాలకు 18, షెడ్యూల్డు తెగలకు 1. షెడ్యూల్డు కులాల వాటాలో 3 శాతాన్ని 2009 నుంచి అరుంధతీయులకు ప్రత్యేకించారు. ఆ సముదాయంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు చాలామంది. 7.5 శాతం కోటా లోపల కూడా ఈ నిష్పత్తులే పాటిస్తారు.

భాష

నీట్ 13 భాషల్లో జరుగుతుంది. తెలుగు మొదటి నుంచీ ఉన్న భాషల్లో ఒకటి. అయితే తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. తమిళనాడు కేంద్రాల్లో దొరికే ప్రాంతీయ భాష తమిళం. తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు సొంత రాష్ట్రంలో పరీక్ష రాస్తే ఇంగ్లిషునో తమిళాన్నో ఎంచుకోక తప్పదు.

దీనికి ముందు మరో మెట్టు ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ, 2015–16లో పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్లి మినహాయింపులు పొందుతూ వచ్చారు. 2023లోనూ సుప్రీంకోర్టు ఒక ఏడాది పొడిగింపు ఇచ్చింది. పదో తరగతి దాకా తెలుగులో చదివి ప్లస్ వన్‌లో ఇంగ్లిషు మాధ్యమానికి మారినవారు సన్నాహంలో మొదటి నెలలు పారిభాషిక పదాలకే ఖర్చు చేయాలి. కిరణజన్య సంయోగక్రియ ఏమిటో తెలిసిన పిల్లకు ఫొటోసింథసిస్ అన్న ప్రశ్న కొత్తగా కనిపిస్తుంది. అందుకే ఎనిమిదో తరగతి నుంచే విజ్ఞానశాస్త్రాన్ని రెండు భాషల్లో చదవడం ఈ ప్రాంతంలో సన్నాహానికి అసలైన ఆరంభం.

లాంగ్ టర్మ్, డిగ్రీ చదువుతూ సన్నాహం

మొదటి ప్రయత్నంలో సీటు రానివారికి రెండు దారులు. ఒకటి, ఏడాదిపాటు వేరే చదువేదీ పెట్టుకోకుండా చేసే లాంగ్ టర్మ్ కోచింగ్. రెండోది, బి.ఎస్సీ.లో చేరి చదువుతూనే నీట్ రాయడం. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థికి జీవశాస్త్రం మీద పట్టు పెరుగుతుంది. కానీ నీట్ ప్రశ్నలు పదకొండు, పన్నెండు తరగతుల స్థాయివే. డిగ్రీ పాఠాల లోతు అక్కడ ప్రత్యక్షంగా మార్కులు తేదు. డిగ్రీతో పాటు రాసేవారు రోజూ కొంత సమయం పాత పుస్తకాలకు, ముఖ్యంగా భౌతికశాస్త్రానికి, విడిగా ఉంచుకోవాల్సిందే. ఇంకో ప్రయత్నం తప్పితే చేతిలో పట్టా మిగులుతుందన్నది ఈ దారిలోని లాభం.

నీట్ లేకుండా తెరుచుకునే తలుపులూ ఉన్నాయి. తమిళనాడులో పశువైద్య డిగ్రీలోని రాష్ట్ర కోటా సీట్లు, బి.ఎస్సీ. నర్సింగ్, బి.ఫార్మసీ, పారామెడికల్ కోర్సులు ప్లస్ టూ మార్కుల మీద నిండుతున్నాయి. దంతవైద్యానికి, సిద్ధ, ఆయుర్వేదాలకు మాత్రం నీట్ తప్పదు.

విదేశాల్లో

అమెరికాలో వైద్యం డిగ్రీ తరువాతి చదువు. నాలుగేళ్ల డిగ్రీలో జీవశాస్త్రం, సాధారణ రసాయనం, కర్బన రసాయనం, భౌతికశాస్త్రం ప్రయోగశాలతో సహా పూర్తి చేసి, ఎంక్యాట్ రాయాలి. 2015 నుంచి దాని మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి. పరీక్షతో పాటు ఆస్పత్రుల్లో సేవ, పరిశోధన అనుభవం, ఆచార్యుల సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ అన్నీ లెక్కలోకి వస్తాయి. ‘ప్రీ మెడ్’ అక్కడ ఒక పట్టా పేరు కాదు. ఏ పట్టాతోనైనా ఈ కోర్సులు చేయవచ్చు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు, తిరుత్తణిలోని వారి బంధువుల పిల్లల కన్నా సాధారణంగా నాలుగేళ్లు ఆలస్యంగా వైద్య కళాశాల మెట్లెక్కుతారు.

ఇక్కడ సీటు రాక బయటికి వెళ్లేవారికీ 2018 నుంచి నీట్ అర్హత తప్పనిసరి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ పెట్టిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే దేశంలో చేయాలి, బోధన ఇంగ్లిషులో జరగాలి. తెలుగు, తమిళ విద్యార్థులు ఎక్కువగా వెళ్లే ఫిలిప్పీన్స్‌కు ఇది గట్టిగా తగిలింది. అక్కడ అమెరికా తరహాలో మొదట బి.ఎస్., తరువాత నాలుగేళ్ల ఎం.డి. ఉంటాయి. ముందరి డిగ్రీ కాలాన్ని వైద్యవిద్యగా లెక్కించకపోతే ఆ నాలుగేళ్లు 54 నెలలకు చాలవు. బయలుదేరే ముందే కోర్సు నిడివిని చూసుకోవడం కూడా సన్నాహంలో భాగమే.

కొనసాగుతున్న వివాదం

నీట్ నుంచి మినహాయింపు కోరుతూ తమిళనాడు శాసనసభ జస్టిస్ ఎ.కె. రాజన్ సంఘం నివేదిక తరువాత 2021 సెప్టెంబరులో బిల్లు ఆమోదించింది. గవర్నరు తిప్పిపంపగా 2022 ఫిబ్రవరి 8న మళ్లీ ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం నిరాకరించినట్టు 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి సభకు తెలిపారు. ఒకే పరీక్ష క్యాపిటేషన్ ఫీజులను అరికట్టి, దేశమంతటా ఒక కొలత తెచ్చిందని సమర్థకుల వాదన. కోచింగ్ కొనగలిగినవారికే అది మేలు చేస్తోందని, రెండుమూడేళ్లు లాంగ్ టర్మ్‌లో గడపగల కుటుంబాలకే గెలుపు దక్కుతోందని వ్యతిరేకుల వాదన. 1968లో జిల్లా సీట్లను కొట్టివేసిన తీర్పు నుంచి 2020 నాటి కోటా చట్టం దాకా చూస్తే, మార్కుకూ అవకాశానికీ మధ్య తగవు ఇదే మొదటిసారి కాదు. పరీక్ష మారినప్పుడల్లా తిరువళ్లూరు, తిరుత్తణి కుటుంబాలు తమ లెక్కలు మార్చుకుంటూ వచ్చాయి. బడి, భాష, రాష్ట్రం అన్న మూడు ఎంపికలను ఆరో తరగతిలోనే తెలిసి చేసుకున్నవారికి, ప్లస్ టూ నాటికి మిగిలేది చదువు ఒక్కటే. తెలియక చేసుకున్నవారు, మార్కులు వచ్చాక కూడా కౌన్సెలింగ్ బల్ల దగ్గర ఆగిపోతున్నారు.